పరాయి దేశంలో మన మొహమాటం



ఒకప్పుడు ఫారిన్ వెళ్ళడమంటే వీధి వీధంతా కదిలొచ్చి, దండలు వేసి సాగనంపేవారు. ఇప్పుడో? మన కాలనీల్లో ఏ తలుపు తట్టినా అమ్మాయి పురిటికి డల్లాస్ వెళ్ళొచ్చిన అమ్మగారో, అబ్బాయి తీసుకెళ్తే సింగపూరు చూసొచ్చిన అత్తగారో ఎదురవుతున్నారు. పెట్టె సర్దుకోవడం మనకొకరు నేర్పనక్కర్లేదు. ఆవకాయ సీసా మూతకి ఎన్ని చుట్లు టేపు వెయ్యాలో కూడా తెలిసిపోయింది. తెలియనిదల్లా ఒకటే. అక్కడ ఎవరి చేతిలో ఎంత పెట్టాలి? ఎవరి చేతిలో అసలు పెట్టకూడదు? ఇవాళ ఆ సంగతే కాసేపు మాట్లాడుకుందామని వచ్చాను.

టిప్పు మనకి కొత్తేమీ కాదు లెండి. బక్షీసు అన్నాం, ఇనాము అన్నాం, పండగ మామూలు అన్నాం. సంక్రాంతికి పనిమనిషికి చీర పెడతాం, పోస్టుమాన్ చేతిలో నోటు పెడతాం. ఎంతివ్వాలన్నది మన ఇష్టం, మన తాహతు. ఈ "మన ఇష్టం" అన్న మాటే దేశం దాటగానే మారిపోతుంది. ఒకచోట ఇవ్వకపోతే తప్పు, ఇంకోచోట ఇస్తే తప్పు.

ముందు అమెరికా సంగతి చెప్తాను. మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేది అక్కడికే కదా. మా వీధిలో ఒక రిటైర్డు మాస్టారున్నారు. కొడుకు దగ్గరికి డల్లాస్ వెళ్ళారు. ఓ రోజు అందరూ హోటల్లో భోజనం చేశారు. కొడుకు బిల్లు కట్టేసి, బల్ల మీద 12 డాలర్లు పెట్టి లేచాడు. వెనకాలే వస్తున్న మాస్టారు "వీడికి చిన్నప్పట్నుంచీ మతిమరుపే" అనుకుని, ఆ నోట్లు భద్రంగా జేబులో వేసుకొచ్చి, కారెక్కాక "ఇదిగోరా, మర్చిపోయావు" అని అందించారు. కొడుకు మారు మాట్లాడకుండా కారు వెనక్కి తిప్పాడట. మాస్టారి భార్య ఈ కథ చెప్తోంటే మేమంతా పొట్టలు పట్టుకుని నవ్వాం.

నవ్వాం గాని, ఆ 12 డాలర్లు వడ్డించిన పిల్లకి దయ తలచి ఇచ్చినవి కావు. అవి ఆ పిల్ల జీతంలో భాగం. అక్కడి చట్టం చూడండి. అమెరికా మొత్తానికి కనీస వేతనం గంటకి 7 డాలర్ల 25 సెంట్లు. 2009 నుంచీ అదే ఉంది. కాని టిప్పులు వచ్చే ఉద్యోగమైతే యజమాని తన చేతి నుంచి 2 డాలర్ల 13 సెంట్లిస్తే చాలు. ఇది 1991 నుంచి మారలేదు! మిగతాది టిప్పుల్లో రావాలి. రాకపోతే ఆ లోటు యజమాని పూడ్చాలని రూలుంది గాని, మాట్లాడి రాబట్టుకోవడం ఏ దేశంలోనైనా కష్టజీవికి అంత తేలికా చెప్పండి? డల్లాస్ ఉన్న టెక్సస్ రాష్ట్రంలో ఈ 2.13 లెక్కే నడుస్తోంది. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో ముందు పూర్తి కనీస వేతనం ఇచ్చి తీరాలి. అయినా టిప్పు ఆచారం అక్కడా ఉంది.

ఈ పద్ధతి నాకు నచ్చిందా అంటే నచ్చలేదు. పనిచేయించుకునేవాడు జీతం ఇవ్వాలి గాని, తిన్నవాళ్ళ మీదకి తోసేయడమేమిటి? కాని మన కోపం యజమాని మీద పెట్టుకుని, ఆ పిల్ల నోరు కొట్టకూడదు. కూచోబెట్టి వడ్డించిన హోటల్లో వందకి 15 నుంచి 20 దాకా ఇవ్వడం అక్కడి మర్యాద. దీనికి లెక్కల మాస్టారి సాయం అక్కర్లేదు. బిల్లు 43 డాలర్లయితే అందులో పదో వంతు 4 డాలర్ల 30 సెంట్లు. దాన్ని రెట్టింపు చేస్తే 8.60. అంతే, ఇరవై శాతం వచ్చేసింది. పన్ను కలపకముందు ఉన్న మొత్తం మీద లెక్క వేసుకుంటే చాలు.

రెండు జాగ్రత్తలు మాత్రం చెప్తాను. ఆరుగురో అంతకంటే ఎక్కువమందో కలిసి వెళ్తే చాలా హోటళ్ళలో వాళ్ళే టిప్పు కలిపేసి బిల్లిస్తారు. దాన్ని "గ్రాట్యుటీ" అని రాస్తారు. మనకేమో గ్రాట్యుటీ అంటే మావారు రిటైరైనప్పుడు చేతికొచ్చేది! ఆ మాట బిల్లులో కనిపిస్తే మళ్ళీ ఇవ్వనక్కర్లేదు. ఇంకొకటి, కాఫీ కొట్టులోనో కేకుల కొట్టులోనో డబ్బు కట్టబోతుంటే ఒక పలక లాంటి తెర మనవైపు తిప్పుతారు. 18, 20, 25 అని మూడు గళ్ళుంటాయి. వెనకాల క్యూలో పదిమంది. అక్కడే మన మొహమాటం బయటపడుతుంది. ఆ గళ్ళ కింద "నో టిప్" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. కప్పు మనమే అందుకుని, మనమే మోసుకెళ్ళేచోట అది నొక్కితే ఎవరూ ఏమీ అనుకోరు.

బస చేసే హోటల్లో గది శుభ్రం చేసే మనిషి మన కంటపడకపోవచ్చు. ఆమెకి రోజుకి రెండు నుంచి అయిదు డాలర్లు, ఏ రోజుకారోజు పెట్టాలి. వెళ్ళిపోయే రోజున మొత్తం పెడితే, అంతవరకు ఊడ్చినావిడ ఒకరు, పుచ్చుకునేది ఇంకొకరు కావచ్చు. దిండు మీద ఊరికే నోటు పడేస్తే ఎవరో మర్చిపోయారని ముట్టుకోరు. ఒక చీటీ మీద "థాంక్యూ" అని రాసి దాంతోపాటు పెట్టండి.

యూరప్ వెళితే ఇంత పితలాటకం లేదు. ఫ్రాన్సులో వడ్డన ఖర్చు వంటకం ధరలోనే కలిపి రాయాలని 1987 నుంచి నిబంధన ఉంది. తృప్తిగా తిన్నామనుకుంటే ఒకటి రెండు నాణేలు బల్ల మీద వదిలితే సరిపోతుంది. ఇటలీలో మాత్రం బిల్లులో "కొపెర్తో" అని మనిషికింతని కనిపిస్తే కంగారు పడకండి. అది బల్ల మీద గుడ్డకీ, రొట్టెకీ వేసే రుసుము. మెనూలో రాసి ఉంటే అది మోసం కాదు. లండన్లో వందకి పన్నెండున్నర చొప్పున బిల్లులో చేరుస్తారు. "ఐచ్ఛికం" అని పక్కన రాసి ఉంటే తీసెయ్యమని అడగొచ్చు. అయితే అక్కడ 2024 అక్టోబరు 1 నుంచి ఆ డబ్బంతా పనివాళ్ళకే చేరాలని చట్టం వచ్చింది. అంచేత వడ్డన బాగుంటే ఉంచెయ్యండి. మన దేశంలోనూ హోటళ్ళు సర్వీసు చార్జీ బలవంతంగా వెయ్యకూడదని 2022 జులైలో మార్గదర్శకాలు వచ్చాయి. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. హైదరాబాదులో భోజనానికి వెళ్ళినప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

సింగపూరులో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటాయి. ఒకటి పదిశాతం సర్వీసు, రెండోది పన్ను. ఆ పన్ను 2024 నుంచి తొమ్మిది శాతమైంది. అంటే టిప్పు లాంటిది అప్పుడే కట్టేశామన్నమాట. ఇక జపాను ఉంది చూశారూ, అక్కడ డబ్బు బల్ల మీద వదిలి వస్తే "అమ్మా, మీ డబ్బు మర్చిపోయారు" అని వీధిలోకి పరుగెత్తుకొచ్చి ఇస్తారు. బలవంతంగా ఇవ్వబోతే వాళ్ళు ఇబ్బంది పడతారు. తిన్నాక "గోచిసోసమా దేష్‌తా" అంటే చాలు. మంచి భోజనం పెట్టారని కృతజ్ఞత చెప్పే మాట అది. నా ఇంగ్లీషే మెట్రిక్ ఇంగ్లీషు, ఇక జపాను భాష గురించి చెప్పాలా? అయినా ఈ ఒక్క మాట అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను.

ఈజిప్టు దగ్గరికొచ్చేసరికి టిప్పుకీ మోసానికీ మధ్య గీత చెరిగిపోతుంది. అక్కడా మాట "బక్షీషే". మన మాట, వాళ్ళ మాట రెండూ పారశీకం నుంచి వచ్చినవే. స్నానాలగది దగ్గర కాయితం అందించినవాడికో, సామాను మోసినవాడికో చిల్లర ఇవ్వడం అక్కడి రివాజు. దానికి గొణగకండి. కాని పిరమిడ్ల దగ్గర ఒంటె ఎక్కించేవాడున్నాడే, వాడు ఎక్కడానికి ఒక రేటు చెప్తాడు. ఎక్కాక ఒంటె లేచి నిలబడుతుంది. దిగాలంటే ఇంకో రేటు! అంత ఎత్తున, చీర కుచ్చెళ్ళు పట్టుకుని, ఏం బేరమాడతాం? ఎక్కకముందే, ఎక్కి దిగేదాకా మొత్తం ఎంతని తేల్చుకుని, దిగాకే డబ్బివ్వాలి.

పరాయి ఊళ్ళో మనల్ని మోసం చేసేవాడు చాలామటుకు కత్తి చూపించడు. మర్యాదగా మాట్లాడతాడు. చీర, బొట్టు చూసి "నమస్తే, ఇండియా?" అంటాడు. పలకరించినవాడికి జవాబివ్వకపోతే బాగుండదని మనం ఆగుతాం. వాడికి కావలసిందదే.

ప్యారిస్‌లో కొండ మీద తెల్లటి చర్చి చూడ్డానికి మెట్లెక్కుతుంటే కొందరు దారాలు పట్టుకుని నిలబడి ఉంటారు. చెయ్యి పట్టుకుని, స్నేహమంటూ, క్షణంలో మణికట్టుకి దారం ముడి వేసేస్తారు. గుడిలో తోరం కట్టించుకున్నంత అలవాటుగా మనం చెయ్యి చాపుతాం. ముడి పడ్డాక ఇన్ని యూరోలని పట్టుకుంటారు. ఇంకోచోట ఒకరు మన కాళ్ళ ముందు వంగి బంగారు ఉంగరం ఎత్తి "మీదేనా?" అంటారు. కాదంటే "పోనీ, మీరే ఉంచుకోండి, నాకేదైనా ఇవ్వండి" అంటారు. అది ఇత్తడి. కాయితాల అట్ట పట్టుకుని, చెవిటి మూగవాళ్ళ కోసం సంతకం పెట్టమని వచ్చే ఆడపిల్లలుంటారు. మనం సంతకం పెడుతుంటే ఆ అట్ట కిందనుంచి ఇంకో చెయ్యి సంచీలోకి వెళ్తుంది. రోములో గులాబీ పువ్వు చేతిలో పెట్టి "కానుక" అంటారు. పది అడుగులు వెయ్యగానే కానుక ఖరీదు అడుగుతారు.

బ్యాంకాక్ కథ కొంచెం నిదానంగా చెప్పాలి. రాజభవనం చూడ్డానికి వెళ్తుంటే, గేటుకి కాస్త దూరంలో, చక్కటి బట్టలేసుకున్న పెద్దమనిషొకడు ఎదురొచ్చి "ఇవాళ మూసేశారమ్మా, పండగ" అంటాడు. "పోనీ ఇంకో గుడి ఉంది, ఈ ఆటోలో వెళ్ళండి, చాలా చవక" అని టుక్‌టుక్ ఎక్కిస్తాడు. ఆ టుక్‌టుక్ గుడి దగ్గరొకసారి, రత్నాల కొట్టు దగ్గరొకసారి ఆగుతుంది. గుడిలో ఇంకొకడు కలిసి, ఆ కొట్టు ఎంత మంచిదో యథాలాపంగా చెప్తాడు. అందరూ ఒక్క ముఠాయే. భవనం మాత్రం ఆ రోజు తెరిచే ఉంటుంది. ఏవో రాజలాంఛనాలున్న కొద్ది రోజులు తప్ప రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి తెరుస్తారు.

మా దూరపు బంధువొకావిడ ఆ కొట్లో నీలం కొన్నది. ఏలినాటి శని నడుస్తోందని ఇంట్లో అప్పటికే అనుకుంటున్నారు. పైగా ఊళ్ళో రెండింతలకి అమ్ముకోవచ్చన్నారు. చిట్టీ పాడిన డబ్బు అది, కూతురి ఫీజు కోసం ఉంచింది. ఇంటికొచ్చి తెలిసిన కంసాలికి చూపిస్తే, రాయి నిజమైనదే గాని ఇచ్చినదాంట్లో నాలుగోవంతు చెయ్యదన్నాడు. ఏడాది దాకా భర్తకి చెప్పలేదు. పోయిన డబ్బుకంటే ఆ దాచిపెట్టడమే ఆమెని ఎక్కువ తినేసింది. ఏడాది పొడుగునా ఫీజు వాయిదాల కోసం పుట్టింట్లో చేబదుళ్ళు తెచ్చింది. నేను కోప్పడ్డాను. మోసం చేసినవాడు సిగ్గుపడాలి గాని మనమెందుకు? అదే రోజు నోరు విప్పి ఉంటే అక్కడే, థాయిలాండ్ టూరిస్టు పోలీసులకి 1155కి ఫోను చేసేవాళ్ళు. కార్డు మీద కొన్నదైతే బ్యాంకుకి వెంటనే చెప్పాలి.

అందుకని నేను పెట్టుకున్న లెక్క ఒకటుంది. మనం వెళ్ళి దారి అడిగితే చెప్పినవాడు వేరు, అడక్కుండా మన దగ్గరికొచ్చి చెప్పేవాడు వేరు. మొదటివాడిని నమ్ముతాను. రెండోవాడికి "నో, థాంక్యూ" అని నడుస్తూనే చెప్తాను, ఆగి చెప్పను. చేతులు పమిటలో చుట్టుకుంటే దారం కట్టేవాడికి మణికట్టు దొరకదు. ఇంగ్లీషు రాకపోయినా పర్వాలేదు. "వద్దు బాబూ" అని మన తెలుగులోనే గట్టిగా అనండి. వాడికి మాట అర్థం కాకపోయినా గొంతు అర్థమవుతుంది.

మర్యాదగా డబ్బు గుంజేది ఇంకొకటుంది. దానికి మనిషి కూడా అక్కర్లేదు. కొట్లో కార్డు గీయగానే ఆ చిన్న మిషను "రూపాయల్లో కడతారా, ఇక్కడి డబ్బులో కడతారా?" అని అడుగుతుంది. రూపాయలని చూడగానే ప్రాణం లేచొస్తుంది, నొక్కేస్తాం. రూపాయల్లోకి మార్చే ఆ రేటు వాళ్ళిష్టం. వందకి అయిదారు రూపాయలు పోవడం మామూలే. ఎప్పుడూ ఆ దేశపు డబ్బే నొక్కండి. డాలరైతే డాలరు, యూరో అయితే యూరో. ఏటీఎం దగ్గరా ఇదే ప్రశ్న వస్తుంది, ఇదే జవాబు.

ఇక చిల్లర పర్సు. పెద్ద నోట్లు, పాస్‌పోర్టు లోపలి సంచీలో పెట్టుకుని, చిన్న నోట్లు వేరే పర్సులో వేసుకోండి. ఒక డాలరు ఇవ్వడానికి వంద డాలర్ల కట్ట నలుగురిలో విప్పకూడదు. అమెరికా అయితే దిగిన వారంలోనే అబ్బాయి చేత ఓ ఇరవై ఒక డాలరు నోట్లు మార్పించుకోండి. సామాను మోసినవాడికి సంచికి ఒకటో రెండో చొప్పున, మీ చేత్తో మీరే ఇవ్వండి. ప్రతిదానికీ అబ్బాయి జేబు వైపు చూడనక్కర్లేకపోతే ఎంత హాయిగా ఉంటుందో మీకే తెలుస్తుంది.