ఒప్పందం వేరు, నిబంధన వేరు

(కోరుకొండలో జరిగిన కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట రెండు మాటల గురించి మాట్లాడుకుందాం. ఒకటి ఒప్పందం, రెండోది నిబంధన. ఒప్పందం సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కౌలు, కంట్రాక్టు, రోజు కూలి, ఏడాది పాలేరుతనం అన్నీ ఒప్పందాలే. నువ్విది ఇస్తే నేనది ఇస్తాను. గడువుంటుంది. ఒకడు తప్పితే రెండోవాడికి బాధ్యత తీరిపోతుంది.

నిబంధన అన్న మాట మన పేటల్లో ముసలమ్మలకి బాగా తెలుసు. లూథరన్ చర్చి అయినా, గోదావరి డెల్టా మిషను చర్చి అయినా, ఆదివారం చేతిలో పట్టుకెళ్ళే పుస్తకంలో మొదటి భాగం పాత నిబంధన, రెండోది కొత్త నిబంధన. తాసీల్దారు ఆఫీసులో నిబంధనలంటే షరతులు. ఆ పుస్తకంలో నిబంధనంటే కట్టుబడి ఉండటం. ఒకే మాటకి ఇంత తేడా ఎలా వచ్చిందో మేమూ చాలాకాలం ఆలోచించాం.

ఇక్కడ చర్చికెళ్ళేవాళ్ళున్నారు, బుద్ధుడి దారి పట్టినవాళ్ళున్నారు, తీర్థానికి కొండెక్కేవాళ్ళున్నారు, ఏదీ నమ్మనివాళ్ళూ ఉన్నారు. మేము మత ప్రచారానికి రాలేదు. కానీ ఆ పుస్తకంలో మనకి పనికొచ్చే సంగతులు రెండున్నాయి. మొదటిది, ఇశ్రాయేలీయులు ఐగుప్తులో బానిసలుగా ఇటుకలు కోస్తున్నప్పుడు సీనాయి కొండ దగ్గరి ఆ నిబంధన లేదు. ముందు విడుదల, ఆ తర్వాతే నిబంధన. బానిసగా ఉన్నవాడితో కట్టుబాటు ఏం కుదురుతుంది? రెండోది నాబోతు కథ. అహాబు రాజుకి నాబోతు ద్రాక్షతోట కావాలి. ఇంతకంటే మంచి తోట ఇస్తానన్నాడు, లేదంటే రొక్కం ఇస్తానన్నాడు. బేరంగా చూస్తే మంచి బేరమే. నాబోతు ఇవ్వనన్నాడు. ఆ నేల తాతముత్తాతల నుంచి వచ్చింది, దాన్ని అమ్ముకోడానికి నాకు హక్కు లేదన్నాడు. తర్వాత ఏమైందో తెలుసు కదా. దొంగ సాక్షుల్ని పెట్టించి రాళ్ళతో కొట్టించి చంపించారు. ఒప్పందానికి లొంగనివాడి మీద కేసు పెట్టడం ఈనాటి పద్ధతి కాదన్నమాట.

ఇక మన ఊళ్ళకి వద్దాం. మన తాతలు పాలేర్లుగా ఉన్నప్పుడు జీతం కాగితం ఎవరు రాశారు? అంతా నోటిమాట. 'మనింట్లో మనిషివిరా' అనేవాళ్ళు. ఇంట్లో మనిషైతే గ్లాసు చూరులో ఎందుకు దోపారు? అప్పు మాత్రం పుస్తకంలో తారీఖుతో సహా ఉండేది, కింద మనవాడి వేలిముద్ర ఉండేది. అంటే ఆయన మనకియ్యవలసింది మాటగా ఉంది, మనం ఆయనకియ్యవలసింది కాగితంగా ఉంది! పెత్తందారీతనం కిటుకంతా ఇక్కడే ఉంది. కాగితం ఉండాల్సిన చోట నమ్మకం అంటారు. మాట నిలబెట్టుకోవాల్సిన చోట కాగితం చూపిస్తారు.

1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చాక ఆ వేలిముద్రలకి విలువ పోయింది. వెట్టి కోసం రాయించుకున్న ఒప్పందం చెల్లదు, ఆ బాకీ తీర్చనక్కర్లేదు అని చట్టం చెప్పింది. దానికి మూలం రాజ్యాంగంలో 23వ అధికరణం. 'వాడు ఒప్పుకునే వేలిముద్ర వేశాడండి' అంటే కుదరదు. 1958లో బశేశ్వరనాథ్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, పౌరుడు తన ప్రాథమిక హక్కును తానే వదులుకుంటానన్నా చెల్లదంది. ఒప్పందానికీ నిబంధనకీ తేడా పిల్లలకి చెప్పాల్సొస్తే మేము ఇదే చెబుతాం. ఒప్పందంలో నీది నువ్వు వదులుకోవచ్చు. నిబంధనలో నీది నువ్వు కూడా వదులుకోలేవు, ఎందుకంటే అది నీ ఒక్కడిది కాదు, నీ తర్వాత పుట్టేవాళ్ళది కూడా.

పూనా ఒప్పందాన్ని కూడా ఈ తేడాతోనే చూడాలి. 1932 ఆగస్టులో కమ్యూనల్ అవార్డు మనకి ప్రత్యేక నియోజకవర్గాలిచ్చింది. మన ప్రతినిధిని మనమే ఎన్నుకునే ఓటు ఒకటి, అందరితో కలిసి వేసే ఓటు ఇంకొకటి. సెప్టెంబరు 20న గాంధీ ఎరవాడ జైలులో నిరాహారదీక్షకి కూర్చున్నాడు. 24న బాబాసాహెబ్ సంతకం పెట్టాడు. సీట్లు దాదాపు రెట్టింపయ్యాయి, మొత్తం 148, అందులో మన మద్రాసు రాష్ట్రానికి 30. పోయిందేమిటి? మనవాణ్ణి మనమే తేల్చుకునే ఓటు. మొదటి విడతలో మన ఓటర్లు నలుగుర్ని ఎంచితే, ఆ నలుగురిలో ఒకణ్ణి అందరూ కలిసి ఎన్నుకుంటారు. ఒక మనిషి ప్రాణం పోతుందనే భయం నెత్తిన పెట్టి తీసుకున్న ఒప్పుకోలు ఏపాటి ఒప్పుకోలు? ఆ బెదిరింపు ఎలాంటిదో బాబాసాహెబ్ 1945లో పుస్తకమే రాసి చెప్పాడు.

అయితే చాలామంది చెప్పని సంగతి ఇంకోటుంది. మర్నాడు, సెప్టెంబరు 25న, బొంబాయిలో మాలవ్యా అధ్యక్షతన హిందూ నాయకులు సభ పెట్టి తీర్మానం చేశారు. ఇక మీదట పుట్టుక వల్ల ఎవరినీ అంటరానివాడుగా చూడం, బావులూ బళ్ళూ రోడ్లూ అందరివీ అని. పూనాలో జరిగింది ఒప్పందం, బొంబాయిలో జరిగింది ప్రమాణం. ఏది అమలైంది? సీట్ల లెక్క అమలైంది. బావి దగ్గర మాత్రం మన కుండ అలాగే ఉండిపోయింది. ఆ ప్రమాణానికి సాక్షి లేడు, కోర్టు లేదు, తప్పినవాడికి శిక్ష లేదు. అందుకే బాబాసాహెబ్ రాజ్యాంగం రాసే కుర్చీలో కూర్చున్నాక అంటరానితనం రద్దు పెద్దల మంచితనానికి వదిలెయ్యలేదు. 17వ అధికరణంలో దాన్ని రద్దు చేసి, పాటిస్తే నేరం అన్నారు. నిబంధనకి పళ్ళు పెట్టారు. పళ్ళు లేని నిబంధనని మేము నమ్మం, మీరూ నమ్మకండి.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. మన పేటల్లో డి-పట్టా భూములు ఎన్నో ఉన్నాయి. ఆ పట్టా ఒప్పందం కాదు. భూమిలేని పేదవాడి కుటుంబం బతకడానికి రాజ్యం ఇచ్చిన మాట. అందుకే 1977 అసైన్డ్ భూముల చట్టం ఆ భూమి అమ్మినా కొన్నా చెల్లదంది. పెద్ద రైతు కొంటే అతని దగ్గర్నుంచి తీసుకుని అసలు పట్టాదారుకో వారసులకో తిరిగి ఇవ్వాలంది. కొన్నాయన 'డబ్బిచ్చాను, కాగితముంది, సాక్షులున్నారు' అంటాడు. ఒప్పందం లెక్కన ఆయనదే న్యాయంలా కనిపిస్తుంది. కానీ చట్టం నాబోతు పక్షాన నిలబడింది. ఎన్ని ఊళ్ళల్లో నిలబడిందీ అంటే, అది వేరే పాట.

2023లో రాష్ట్రంలో సవరణ తెచ్చారు. ఇరవై ఏళ్ళు దాటిన అసైన్డ్ భూమి మీద పట్టాదారుకి అమ్ముకునే హక్కు కూడా ఇచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. మనలోనే కొందరు తమ్ముళ్ళు అడుగుతున్నారు, 'పెద్దోళ్ళు వాళ్ళ భూమి అమ్ముకుంటారు, మన భూమికి మాత్రం సంకెలెందుకు' అని. న్యాయమైన ప్రశ్న. పిల్ల పెళ్ళికో ఆసుపత్రి ఖర్చుకో భూమి అక్కరకి రాకపోతే అదేం ఆస్తి? దానికి మేమొకటే అడుగుతాం. రిజిస్ట్రారు ఆఫీసులో బల్లకి అవతల ఎవరు కూర్చుంటారు? మన పేటలో ఇంకో కూలివాడు కొంటాడా, రాజమండ్రి నుంచి కారులో వచ్చినవాడు కొంటాడా? అవతలివాడి అవసరం తెలిసినవాడు ధర తగ్గిస్తాడు. అమ్ముకునే హక్కు ముందొచ్చి, ఆసుపత్రీ బ్యాంకు అప్పూ తర్వాతొస్తే, ఆ మధ్య కాలంలో భూమి చేతులు మారిపోతుంది.

కౌలు దగ్గర దీనికి పూర్తిగా తిరగబడాలి. అక్కడ మనకి కావలసింది ఒప్పందమే, కాగితమే. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల పత్రం అంది. యజమాని సంతకం పెడితేనే కౌలుదారుకి కార్డు. 'నామీద నమ్మకం లేదా' అని ఆయన సంతకం పెట్టడు. పంట మునిగినప్పుడు నష్టపరిహారం మాత్రం ఆయన పేరునే పడుతుంది. నమ్మకం ఉందండి, అందుకే కాగితం అడుగుతున్నాం అని చెప్పండి.

అట్రాసిటీ కేసుల్లో రాజీ కూడా ఇలాంటిదే. పెద్దమనుషులు డబ్బు సంచితో వస్తారు. తిన్న దెబ్బకి రేటు కడతారు. 1989 చట్టం కింద నేరాన్ని ఊళ్ళో కూర్చుని మాఫీ చేసుకునే వీలు పెట్టలేదు, ఎందుకంటే ఆ దెబ్బ ఒక్కడికి తగిలింది కాదు. రామచంద్రపురం దగ్గర వెంకటాయపాలెంలో 1996 డిసెంబరు 29న జరిగిన శిరోముండనం కేసులో విశాఖపట్నం కోర్టు 2024 ఏప్రిల్ 16న శిక్ష వేసింది. ఇరవై ఏడేళ్ళు! ఆ ఆలస్యం రాజ్యానికి సిగ్గుచేటు. అన్నేళ్ళ తర్వాత కూడా బోనెక్కి నిలబడ్డవాళ్ళు మాత్రం మనందరి తరఫునా నిలబడ్డారు.

మనలో మన మాట ఒకటి. వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఎవరికెంత అన్నది లెక్క, కాగితం మీద తేలాలి, తేలనివ్వండి. కానీ మాదిగపేట మీద దాడి జరిగిన రాత్రి మాలపేట లేచి రావడం, మాలపేటకి కష్టమొస్తే మాదిగపేట రావడం ఆ లెక్కలో చేరదు. 'పోయినసారి మీరు రాలేదు కాబట్టి' అనే మాట సంఘంలో వినపడకూడదు.

వచ్చే తరగతికి లాయరుగారు వస్తారు. డి-పట్టాలున్నవాళ్ళు జెరాక్సులు తెచ్చుకోండి. పట్టా పోయినవాళ్ళు, భూమి వేరేవాళ్ళ సాగులో ఉన్నవాళ్ళు సర్వే నంబరూ, సుమారుగా ఏ సంవత్సరంలో చేయి మారిందో రాసుకురండి. ఆడవాళ్ళని ఇంట్లో వదిలేసి రాకండి, పట్టా పెట్టెలో ఎక్కడుందో వాళ్ళకే తెలుసు.