కమిటీ సాయంత్రం కూర్చోవాలి

పట్టాలు అందుకున్న అమ్మాయిలకూ అబ్బాయిలకూ మనస్ఫూర్తిగా అభినందనలు.

మీలో చాలామందిది మిరపా పత్తీ పండే ఊరు. అందుకే ఉద్యోగాల ఊసు పక్కనపెట్టి మీ ఊరి ప్రభుత్వ బడి గురించి మాట్లాడతాను.

1985 జులై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల్ని చంపారు. మీరు అప్పటికి పుట్టలేదు. ఒకచోట గొడవ మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైంది, ఇంకోచోట సినిమాహాల్లో. నలుగురూ కలిసే చోటే కుల దురహంకారం కత్తి తీసింది. ఇప్పుడు అందరి పిల్లలూ కలిసి కూర్చోగలిగిన చోటు బడి. స్థోమతున్నవాళ్లు పిల్లల్ని కాన్వెంటు బస్సెక్కించాక అది కూడా పలచబడుతోంది. మిగిలిన బడిని ఏ కులానికో, మతానికో, పార్టీకో వదిలేస్తే ఊళ్లో ఇంకో చోటు ఉండదు.

ఇది లేనిపోని భయం కాదు. 2023 ఆగస్టులో తమిళనాడులోని నాంగునేరిలో ఒక దళిత విద్యార్థిని సాటి విద్యార్థులే ఇంటికెళ్లి నరికారు. అడ్డొచ్చిన చెల్లెలికీ గాయాలయ్యాయి. ఆ తర్వాత నియమించిన జస్టిస్ చంద్రు కమిటీ, పిల్లలు చేతులకు కట్టుకునే కులం రంగుల తాళ్లను బడుల్లో నిషేధించాలని 2024లో సిఫారసు చేసింది. పంతులుగారు బళ్లో తాడు తీయించగలరు. ఇంటికెళ్లి మళ్లీ కట్టుకోకుండా చూడాల్సింది తల్లిదండ్రులే.

ఆ తల్లిదండ్రులకు 2009 విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ బడి యాజమాన్య కమిటీని ఇచ్చింది. సభ్యుల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తం మీద సగం మంది మహిళలు ఉండాలి. మన ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 8న ఈ కమిటీల ఎన్నికలు జరిగాయి. వీటిలో పార్టీ గుర్తులుండవు. అయినా ఊళ్లో పార్టీల పంతాలు వీటినీ వదలవు.

నన్నడిగితే పంతాలకన్నా పెద్ద చిక్కు సమావేశం వేళ. జనవరిలో మిరప కోతలు మొదలవుతాయి. ఆడకూలీలు తెల్లారేలోపే క్యారేజీలు సర్దుకుని ఆటో ఎక్కుతారు. కమిటీని పొద్దున పదకొండింటికి పిలిస్తే వచ్చేది కోతకు పోనక్కర్లేనివాళ్లే. తర్వాత తీర్మానాల పుస్తకం ఇంటింటికీ తిరుగుతుంది. చేతులకు మిరప మంట ఇంకా తగ్గని తల్లి, అందులో ఏం రాశారో తెలియకుండానే సంతకం పెడుతుంది. బడి గోడకు కులసంఘం ఫ్లెక్సీ కట్టనివ్వాలన్న మాట ఆ పేజీలో ఉన్నా ఆమెకు తెలియదు. అదే కమిటీ సాయంత్రం ఏడింటికి కూర్చుంటే ఆమె వస్తుంది, అడుగుతుంది. మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. మరి మన బళ్లో వండేదెవరు, ఎవరి పిల్లలు వేరే పంక్తిలో కూర్చుంటున్నారు అని అడగడానికి ఆమెకన్నా తగినవాళ్లు లేరు.

ఆదోని, కోసిగి వైపు నుంచి కోతలకు వచ్చి చేల గట్ల మీద గుడారాలేసుకునే కుటుంబాలనూ మరిచిపోకండి. టీసీ రావడం ఆలస్యమైందని పిల్లల్ని చేర్చుకోకపోవడం చట్టం ఒప్పుకోదు. ఈ ముక్క ఆ తల్లులకు చెప్పేవాళ్లు కావాలి.

మీకింకా పిల్లల్లేరు, కమిటీలో ఓటూ లేదు. కానీ మీకు చదవడం వచ్చు. తీర్మానాల పుస్తకం ఎక్కడుందో కనుక్కోండి. సంతకాలకు ముందు దాన్ని అందరికీ పైకి చదివి వినిపించండి. సమావేశం సాయంత్రానికి మార్చమని హెడ్మాస్టరుగారిని అడగండి. ఆ కబురు చెప్పడానికి అన్ని పేటలకూ వెళ్లండి. ముందుగా మీరు ఓటెయ్యని పార్టీవాళ్ల గుమ్మం తొక్కండి. అక్కడ మీ మాట చెల్లితే, ఇది ఏ పార్టీ పనీ కాదని మిగతా ఊరు నమ్ముతుంది. జూన్‌లో బడులు తెరిచేలోగా మొదలుపెట్టండి.