ప్రేక్షకుల మెట్లు



నేను ధవళేశ్వరమువాడను. సర్ ఆర్థర్ కాటను 1847లో ప్రారంభించి 1852లో ముగించిన ఆనకట్టను మా పూర్వులు చూచిరి. 1982లో పూర్తియైన బ్యారేజిని మేము చూచితిమి. ప్రాతదాని పనిని నేడు క్రొత్తది చేయుచున్నది. అయినను కాటను పేర మ్యూజియము నిలుపుకొంటిమి. పంటకు నీరు చాలును. మనుష్యునకు జ్ఞాపకము కూడ వలయును గదా! క్రీడాస్థలములందలి ప్రాత గ్రాండుస్టాండులకును ఈ న్యాయమే వర్తించునని నా మనవి.

హైదరాబాదులోని ఫతే మైదానమును తీసికొందము. 1687లో గోలకొండను ముట్టడించిన మొగలుసేన అచ్చట విడిసెననియు, ఆ విజయమునుబట్టియే ఆ పేరు వచ్చెననియు చెప్పుదురు. 1967లో దానికి లాల్ బహదూరు పేరు పెట్టిరి. 1955 నవంబరులో అచ్చట మొదటి టెస్టు పోటీ జరిగెను. ఆ నగరమువాడే యైన గులాం అహమ్మదు మన జట్టునకు నాయకుడు. పాలీ ఉమ్రిగరు 223 పరుగులు తీసెను. టెస్టులలో భారతీయుడు రెండువందలు దాటుట అదియే ప్రథమము.

మా నాయనగారు గోదావరి స్టేషనులో రైలెక్కి పోయి ఆ యాట చూచిరి. 1988లో నన్ను వెంటబెట్టుకొని పోయి, "ఇదిగో, నేను కూర్చున్నది ఇచ్చటనేరా!" యని చేయి చూపిరి. అప్పటికి మార్పులెన్నో జరిగినను తావును పోల్చుకొనిరి. ఉమ్రిగరు పరుగులు లెక్కపుస్తకములో నున్నవి. మా నాయనగారివంటి వేలమంది పేర్లు ఏ పుస్తకములోను లేవు. వారికి ఆ మెట్లే సాక్ష్యము. 1983 జనవరి 9వ తేదీన నందమూరి తారక రామారావుగారు ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసినదియు ఆ మైదానముననే.

2005 నుండి పెద్ద క్రికెట్టు పోటీలు ఉప్పలునకు తరలినవి. ఇక ప్రాతమెట్లేలయని కొంద రడుగవచ్చును. శిథిలమైన కట్టడము ప్రాణాపాయకరమనుట నిజమే. జ్ఞాపకముకొరకు ప్రాణములు బలిపెట్టరాదు. కాని పడగొట్టుటకు ముందు పరీక్షింపవలదా? బాగుచేయ వీలున్న బాగుచేయవలెను. వీలులేనిచో కొలతలు తీసి, ఛాయాచిత్రములు పట్టి, ఒక్క వరుసనైన నిలుపవలెను. లండనులోని లార్డ్సు మైదానమున 1890 నాటి పెవిలియను నేటికిని నిలిచియున్నది. నాగపురమున తెలుగు కుటుంబములో జన్మించిన సి. కె. నాయుడు 1932లో మన తొలి టెస్టు జట్టును నడిపినది ఆ పెవిలియను ముందరనే. దానిని వారు తాళమువేసి దాచలేదు; నేడును అందు కూర్చుండి ఆట చూచుచున్నారు. వాడుకయే దానిని కాపాడినది.

మా నాయనగారు నేడు లేరు. "తాతగారు ఎక్కడ కూర్చున్నారు?" అని మా పిల్లలు అడుగుదురు. ఆయనవలెనే నేనును చేయి చూపి చెప్పగలుగవలెనని నా కోరిక. మీ యూరి మైదానమందును అట్టి మెట్లుండవచ్చును. అవి కూలకమునుపే ఒక్కమారు పిల్లలతో పోయి కూర్చుండుడు.