గ్రూపు రాసేముందు ఒక ఆదివారం
(బోరబండలో జరిగిన సభలో చేసిన ప్రసంగం)

 

నేను జూనియర్ కాలేజీలో బాటనీ చెప్తాను. పర్యావరణం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. చెట్లు నాటండి అని చెప్పడానికి నేనెందుకు, అది ప్రతి గోడ మీదా రాసే ఉంది. నేను ఉద్యోగాల గురించి చెప్తాను. అడవిలో, చెరువు గట్టు మీద, నర్సరీలో, గుట్ట మీద చేసే ఉద్యోగాలు. వాటి దారి మన పదో తరగతి పిల్లలకు చూపించాల్సింది ఇక్కడ వెనక వరుసల్లో కూర్చున్న డిగ్రీ పిల్లలే అని నా అభిప్రాయం.

ఈ బస్తీల్లో ఉన్న మనవాళ్లలో చాలామంది నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు తండాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లే. సెంట్రింగు, తాపీ, ఆటో, ఇళ్లల్లో పని. పిల్లల్ని ఏమవుతావని అడిగితే సాఫ్ట్‌వేర్ అంటారు, పోలీసు అంటారు. ఫిల్మ్‌నగర్ పక్కనే కాబట్టి ఒకరిద్దరు కెమెరామన్ అని కూడా అంటారు. ఫారెస్టు అని ఒక్కరూ అనరు. అనకపోవడంలో వింత లేదు. మన సినిమాల్లో ఫారెస్టు ఆఫీసరంటే హీరో చేతిలో తన్నులు తినేవాడే కదా!

ఇప్పుడు అసలు విషయం. సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల, పరిశోధన సంస్థ ఉంది. 2016లో మొదలైంది. మేడారం జాతర జరిగే ములుగు కాదు, ఇది రాజీవ్ రహదారి మీద మనకు దగ్గర్లోనే ఉన్న ములుగు. అక్కడ నాలుగేళ్ల బీఎస్సీ ఫారెస్ట్రీ ఉంది. సీట్లు ఎంసెట్ బైపీసీ ర్యాంకు మీద ఇస్తారు. ఇప్పుడు దాన్నే ఈఏపీసెట్ అంటున్నాం. అంటే పది పాసైన జూన్ నెలలో, పదిహేనేళ్ల పిల్ల ఇంటర్ ఫారం మీద సీఈసీ అని రాసిన నిమిషంలోనే ఆ తలుపు మూసుకుపోతుంది. ఆ పిల్లకు అక్కడొక తలుపు ఉందని కూడా తెలియదు. ఏటా అడ్మిషన్ల బల్ల దగ్గర నేను చూసేది ఇదే. స్నేహితురాలు సీఈసీ తీసుకుందని తనూ తీసుకుంటుంది. ఇంటి దగ్గర అడిగి చెప్పేవాళ్లుండరు.

అందరూ ఆ కాలేజీకే పోనక్కర్లేదు. ఫారెస్ట్ బీట్ ఆఫీసరు ఉద్యోగానికి ఇంటర్ చాలు. రాత పరీక్ష తర్వాత నడక పరీక్ష పెడతారు. మగపిల్లలు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడపిల్లలు 4 గంటల్లో 16 కిలోమీటర్లు నడవాలి. మన నానమ్మలు నెత్తిన మూటతో సంతకు నడిచిన దూరమే అది. కానీ బోరబండలో పుట్టిన పిల్ల అంత దూరం ఎప్పుడు నడిచింది? అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చెంచు యువకులు గైడ్లుగా, అడవి కాపలాదారులుగా పనిచేస్తున్నారు. పులి అడుగును గుర్తుపట్టే చూపుకు అక్కడ జీతం ఉంది.

మరి ఈ సంగతులు పిల్లలకు ఎవరు చెప్పాలి? మలావత్ పూర్ణ పేరు మనందరికీ గర్వం. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల. భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకోవడం నేర్చుకుని 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఆనంద్ కుమార్ కూడా ఆమెతోపాటే ఎక్కాడు. కానీ నేను క్లాసులో పూర్ణ గురించి చెప్తే పిల్లలు చప్పట్లు కొట్టి, “ఆమె వేరు సార్” అంటారు. అదే పక్క గల్లీ అక్క వచ్చి, “నేనూ ఇదే స్కూల్లో చదివినా, ఫిజిక్సులో తప్పి మళ్లీ రాసినా, ఇప్పుడు బీఎస్సీ రెండో సంవత్సరం” అంటే చెవులు నిక్కబొడుచుకుంటాయి. కుల ధ్రువపత్రం ఎక్కడ ఆగిపోతుందో, హాస్టల్లో మొదటి నెల ఎట్లా ఉంటుందో, ఫీజు రీయింబర్స్‌మెంటు రాకపోతే ఎవర్ని అడగాలో ఆ అక్కకు తెలిసినంతగా ఏ అధికారికీ తెలియదు, నాకూ తెలియదు.

అమెరికాలో ఎలిజబెత్ పుట్నమ్ అనే అమ్మాయి 1955లో తన కాలేజీ థీసిస్‌లో, విద్యార్థులు జాతీయ పార్కుల్లో స్వచ్ఛందంగా పనిచేయాలని రాసింది. 1957లో మొదటి బృందాలు పార్కులకు వెళ్లాయి. ఆ సంస్థ ఇంకా నడుస్తోంది. మనకు అంత దూరం పోయే పని లేదు. 1969 నుంచి ఎన్‌ఎస్‌ఎస్ ఉంది. చేరిన ప్రతి విద్యార్థి ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. ఆ గంటల్లో ఎన్ని కాలేజీ ఆవరణ ఊడ్చి ఫొటో దిగడానికి పోతున్నాయో నా కంటే మీకే బాగా తెలుసు. అందులో కొన్ని మన పిల్లలకు ఇవ్వండి. ఒక్కొక్కరు నలుగురు పిల్లల్ని తీసుకోండి, నెలకు ఒక ఆదివారం. మొదట కేబీఆర్ పార్కు. 1998లో జాతీయ ఉద్యానవనం అయింది, మనకు ఆటో దూరం. నెమలి కూత విన్నాక ఆ చెట్టు పేరు లంబాడీలో ఏమంటారో ఇంటికెళ్లి నానమ్మను అడగమనండి. తర్వాత ఒక నర్సరీ, ఒక చెరువు, ఒక రోజు ములుగు కాలేజీ. అక్కడ పనిచేసేవాళ్లతో పిల్లలే మాట్లాడాలి. జీతమెంతని అడగనివ్వండి, సిగ్గుపడాల్సిన పని లేదు.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. తండాలో, గూడెంలో ఫారెస్టు ఖాకీ అంటే పోడు భూమి గుర్తొస్తుంది, కందకం గుర్తొస్తుంది, కేసు గుర్తొస్తుంది. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు గొడవలో ఒక రేంజ్ అధికారి ప్రాణం పోయింది. “మన పిల్లను ఆ డ్రెస్సులో చూడాలా?” అని ఒక బాపు నన్ను అడిగారు. అడగవలసిన ప్రశ్నే. నేనేమంటానంటే, 2006 అటవీ హక్కుల చట్టం చదివిన మన పిల్ల ఆ డ్రెస్సులో ఉంటే తండా వాళ్లతో మన భాషలో మాట్లాడుతుంది. గొడవలన్నీ తీరిపోతాయని చెప్పను. పై నుంచి వచ్చే ఆర్డరు ఆమెకూ ఆర్డరే. రెండు వైపులా మాట పడుతుంది. ఆ సంగతి కూడా అక్కలు, అన్నలు పిల్లలకు ముందే చెప్పాలి. దాచిపెట్టి పంపకూడదు.

యాడీలారా, ఆడపిల్లలను పంపాలంటే భయం ఉంటుంది. ప్రతి బృందంలో ఇద్దరు అక్కలుండాలి, వాళ్ల నంబర్లు మీ ఫోన్లో ఉండాలి, దీపాలు పెట్టేలోపు ఇంటికి చేరాలి. ఈ మూడూ జరగకపోతే పంపకండి, నేనే వద్దంటాను.

భోజనాల దగ్గర ఒక పుస్తకం పెట్టాం. ఎడమ పేజీలో డిగ్రీ పిల్లలు పేరు, ఏ ఆదివారం ఖాళీయో రాయండి. కుడి పేజీలో తొమ్మిది, పది చదివే పిల్లల పేర్లు తల్లిదండ్రులే రాయాలి. రాయడం రాకపోతే చెప్పండి, మేం రాస్తాం. మొదటి రోజుకు చెప్పులు కాదు, బూట్లు కావాలి. లేనివాళ్లు పేరు పక్కన సైజు రాయండి.