ధూమపానము – రోగి సంరక్షణము

(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



తిరుత్తణి కొండకు 365 మెట్లు గలవని మన బాలబాలికలందరికిని తెలియును. ఆ మెట్లపై వృద్ధులు కొందరు నెమ్మదిగా సాగిపోవుచుండగా, నడివయస్సువారు కొందరు సగము దూరములోనే ఆయాసముతో కూలబడుదురు. అందరి ఆయాసమునకును కారణ మొక్కటి కాదు. కాని వారిలో కొందరి జేబులలో బీడీకట్టయో, సిగరెట్టుపెట్టెయో ఉండుట మేము చూచియున్నాము.

మన శ్వాసనాళముల లోపల కంటికి కానరాని సూక్ష్మరోమములు గలవు. దుమ్మును, క్రిములను శ్లేష్మముతో కూడ పైకి నెట్టివేయుట వాని పని. పొగ వానిని స్తంభింపజేయును. క్రిములను మ్రింగు రక్షకకణములును బలహీనపడును. పొగలోని కార్బన్ మోనాక్సైడు రక్తములో ప్రాణవాయువు స్థానము నాక్రమించును. కేన్సరు, గుండెపోటు వలెనే క్షయయు కావలి లేని యింట దొంగవలె చొరబడును.

క్షయనే ప్రత్యేకముగా చెప్పుటకు కారణము కలదు. 1956లో మదరాసు చేట్‌పట్టులో క్షయచికిత్సా పరిశోధన కేంద్రము వెలసినది. ఔషధములు క్రమముగా వాడినచో రోగి శానిటోరియములో వలెనే యింటివద్దను కోలుకొనునని ఆ కేంద్రము 1959లో లోకమునకు నిరూపించినది. నాటినుండి రోగి యిల్లే వైద్యశాల యైనది.

ఆ సంస్థవారే తరువాతి కాలమున మన తిరువళ్లూరు జిల్లాలో, చికిత్స ముగించి స్వస్థులైన 503 మందిని పదునెనిమిది నెలలు గమనించిరి. వారిలో 62 మందికి వ్యాధి తిరుగబెట్టినట్లు 2005లో ప్రకటించిరి. మందులు సక్రమముగా వాడకుండుట, క్రిములు మందులకు లొంగకుండుట, పొగ త్రాగుట – ఈ మూడింటికిని తిరుగబెట్టుటతో సంబంధము కనబడినది. పొగ త్రాగువారి కీ ప్రమాదము సుమారు మూడు రెట్లు. ఆరు నెలలు ఓపికతో మ్రింగిన మందుల ఫలమును బీడీముక్క హరింపగలదని దీని సారాంశము.

కావున రోగికి వేళకు మందు, పథ్యము ఇచ్చుట మాత్రమే సంరక్షణము కాదు. రోగి యున్న యింట ఎవరును పొగ త్రాగరాదు. పరుల పొగయు అతని ఊపిరితిత్తులకు హానికరమే. అతడు దాచి త్రాగెనని తెలిసినప్పుడు నలుగురిలో నిందింపరాదు. నిందించినచో ఇంకను దాచును, వైద్యునితోను నిజము చెప్పడు. నికోటిను వలన కలుగు తపన దుర్బుద్ధి కాదు, శరీరమునకు పడిన బానిసత్వము. ఆ తపన కొద్ది నిమిషములలో తగ్గును. అంతసేపు మాటలలో పెట్టుట, మంచినీరిచ్చుట, కొంచెము నడిపించుట మేలు. 1800-11-2356 అను ఉచిత జాతీయ ఫోనుసేవయు కలదు. మానిన ఒకటి రెండు దినములలోనే రక్తములోని కార్బన్ మోనాక్సైడు తగ్గిపోవును. మానుటకు ఆలస్యమైనదని ఎవరును నిరాశ చెందనక్కరలేదు.

విద్యార్థులారా! 1960 ఏప్రిల్ 1వ తేదీ వరకు తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనిది. ఎల్లలు మారినను ఇండ్లలో తెలుగు నిలిచినది. ఆసుపత్రి గోడమీది సూచన తమిళములో నుండవచ్చును. ఇంటిలో తాతగారికి తెలుగే చేరువ. ఆ సూచనను చదివి, ఆయన ప్రక్కన కూర్చుండి తెలుగున విప్పి చెప్పగలవారు రెండు భాషలు నేర్చిన మీరే. వైద్యుని మాటకు తలయూపి వచ్చిన పెద్దలు మనుమరాలి మాటకు పెట్టెను పారవేయుదురు.

విద్యాలయమునకు నూరు గజముల లోపల పొగాకు వస్తువులు అమ్మరాదని 2003 నాటి చట్టము చెప్పుచున్నది. అంగడివానిని మర్యాదగా హెచ్చరించుట పెద్దల విధి. మొదటి సిగరెట్టును ముట్టకుండుట మీ విధి. ఇంటికి పోయినపిమ్మట ఈ మాటలలో ఒక్కటి యైనను అవసరమైన వారికి చెప్పుడని కోరుచు సెలవు గైకొనుచున్నాము.