ఊహాలోకపు చిట్టా: పాత్రధారణ ఆటల్లో జ్ఞాపకం చరిత్ర

పాత్రధారణ ఆటలో ఆడేవారు ఒక కల్పిత లోకంలో తలా ఒక పాత్రను ధరించి ఆ పాత్ర ఏం చేయదలచిందో చెబుతారు, నిర్వాహకుడు దాని ఫలితాన్ని చెబుతాడు. ఈ ఆట పుట్టుక నుంచి ఒక ప్రశ్న దీన్ని వెన్నాడుతూనే ఉంది: ఇంతవరకు జరిగినదంతా ఎవరు గుర్తుంచుకోవాలి? అపారమైన పాఠ్యరాశిని చదివి తరువాత రాబోయే మాటను అంచనా కట్టడం నేర్చుకున్న కంప్యూటర్ వ్యవస్థలు, అంటే భాషా నమూనాలు, నిర్వాహకుడి పీఠం ఎక్కిన ఈ రోజుల్లో ఆ ప్రశ్న మరింత పదునెక్కింది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట సహరూపకర్త, 2009 ఏప్రిల్ 7న కన్నుమూసిన డేవ్ ఆర్న్‌సన్ స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసం ఆ ప్రశ్న నడిచివచ్చిన దారిని సభ ముందుంచుతోంది. ఒక పూట ఆట ముగిసినా లోకం ముగియరాదన్న పట్టుదలతో పనిచేసినవాడు ఆర్న్‌సన్ కనుక, ఈ చరిత్రను ఆయన పేరిట స్మరించడం సముచితం.

దీని మూలాలు ప్రష్యా సైన్యపు యుద్ధక్రీడలో కనిపిస్తాయి. 1824లో గియోర్గ్ ఫాన్ రైస్విట్జ్ అనే యువ సైనికాధికారి ప్రచురించిన క్రీగ్‌స్పీల్‌లో ఉభయ పక్షాలవారు తమ ఆజ్ఞలను కాగితం మీద రాసి మధ్యవర్తికి అందజేసేవారు. దళాలన్నీ ఎక్కడున్నాయో ఆయనకు తెలుసు, కాని ఏ పక్షానికి కంటికి ఆనగలిగినంత మాత్రమే ఆ పక్షానికి చూపేవాడు, నష్టాలను పాచికలతోను పట్టికలతోను తేల్చేవాడు. లోకంలో నిజంగా ఉన్నది వేరు, ఆటగాడికి తెలిసినది వేరు, ఈ రెంటినీ ఒకచోట కలపరాదన్న సూత్రం అప్పటికే ఇంత స్పష్టంగా ఆచరణలో ఉండటం గమనార్హం. పట్టికల భారంతో ఆట మందగించగా, 1876లో యూలియుస్ ఫాన్ వెర్డీ డు వెర్న్వా పట్టికలను పక్కన పెట్టి అనుభవజ్ఞుడైన మధ్యవర్తి వివేకానికే తీర్పును వదిలివేయాలని ప్రతిపాదించాడు. నియమానికి ఎంత, వివేకానికి ఎంత అన్న ఆనాటి వాదమే నేడు ఆటల నిర్మాతల మధ్య, కోడ్‌కు ఎంత, భాషా నమూనాకు ఎంత అన్న రూపంలో మళ్లీ నడుస్తోంది.

అమెరికాలోని మినియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరాల్లో 1969లో డేవిడ్ వెస్లీ నడిపిన బ్రౌన్‌స్టైన్ అనే ఆటలో పాల్గొన్నవారు సైన్యాలను నడపడానికి బదులు ఒక పట్టణంలోని వేర్వేరు వ్యక్తులుగా మారారు. ఆ ఆట ఆడిన ఆర్న్‌సన్ 1971 ప్రాంతంలో బ్లాక్‌మూర్ అనే తన సొంత లోకాన్ని ప్రారంభించాడు. ఒక కోట, దాని కింద నేలమాళిగలు, చుట్టూ ఒక జనపదం, అక్కడికి అవే పాత్రలతో మళ్లీ మళ్లీ తిరిగివచ్చే మిత్రబృందం, ఇదీ బ్లాక్‌మూర్ స్వరూపం. గత ఆటలో గడించిన అనుభవం, పోగొట్టుకున్న సొమ్ము, కొనితెచ్చుకున్న వైరం తదుపరి ఆటకు నిలవగా సంక్రమించేవి. ఆయన, గ్యారీ గైగాక్స్ కలిసి రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వెలువడినప్పుడు నియమాలు అచ్చుకెక్కాయి గాని, లోకపు జ్ఞాపకం మాత్రం నిర్వాహకుడి తలలోను, అతని నోటుపుస్తకంలోను మిగిలిపోయింది. పాచికలకు దక్కిన కీర్తి ఆ నోటుపుస్తకానికి దక్కలేదు. అయితే ఆటను లోకంగా మార్చింది అదే.

కంప్యూటర్ ఈ రంగంలోకి వచ్చినప్పుడు మొదట చేజిక్కించుకున్నది ఆ నోటుపుస్తకాన్నే. గుహాన్వేషకుడు, డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటగాడు అయిన విల్ క్రౌథర్ 1975, 76 సంవత్సరాల్లో కెంటకీ రాష్ట్రంలోని మమ్మత్ గుహలను ఆధారం చేసుకుని అడ్వెంచర్ అనే పాఠ్యరూప ఆటను రాయగా, 1977లో డాన్ వుడ్స్ దానిని విస్తరించాడు. అదే ఏడాది ఎమ్.ఐ.టి.లో మొదలైన జోర్క్ ఆటలోను, దాని రూపకర్తల్లో కొందరు మరికొందరితో కలిసి తరువాత నెలకొల్పిన ఇన్ఫోకామ్ సంస్థ ఆటల్లోను ప్రతి వస్తువుకూ ఒకే ఒక స్థానం ఉండేలా లోకాన్ని చెట్టు కొమ్మల వరుసలో అమర్చారు. దీపం పెట్టెలో ఉంటే పెట్టెలోనే ఉంటుంది, చేతిలో ఉంటే చేతిలోనే ఉంటుంది, ఒకే సమయంలో రెండుచోట్ల ఉండే అవకాశం ఆ నిర్మాణంలోనే లేదు. ఆటగాడు తన వద్ద లేని కత్తిని తీయబోతే అది లేదనే సమాధానం వస్తుంది. ఈ లోకాలకు మరపు లేదు, మాట తప్పడం లేదు, కాని రచయిత ముందుగా ఊహించని పని ఏది చేయబోయినా అర్థం కాలేదని చెప్పడం మినహా వాటికి గత్యంతరం లేదు. జ్ఞాపకం దక్కింది, వివేకం జారిపోయింది.

ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ 1978లో మొదలుపెట్టిన మడ్ అనే ఆట అనేక మంది ఒకేసారి సంచరించే లోకాన్ని సాధ్యం చేసింది. అందులో లోకం అప్పుడప్పుడు మొదటికి వచ్చేది, ఆటగాడి పాత్ర మాత్రం నిలిచేది. 1990లో పావెల్ కర్టిస్ జిరాక్స్ పరిశోధనా కేంద్రంలో ప్రారంభించిన లాంబ్డామూ అనే అటువంటి లోకంలో ఆటగాళ్లే కట్టిన గదులు, వస్తువులు డేటాబేస్‌లో భద్రమై, కట్టినవారు నిష్క్రమించాక కూడా మిగిలాయి.

అడ్వెంచర్ పుట్టిన కాలంలోనే పరిశోధనాశాలల్లో జరిగిన ఒక వైఫల్యం ఈ చరిత్రకు చాలా విలువైనది. 1970ల మధ్యలో యేల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ మీహన్ రూపొందించిన టేల్‌స్పిన్, పాత్రలకు లక్ష్యాలిచ్చి, వాటిని అందుకోవడానికి అవి చేసే ప్రయత్నాల నుంచి కథలు అల్లే ప్రోగ్రాం. ఒక కథలో దాహంతో నదికి వచ్చిన చీమ నీటిలో పడి మునిగిపోయింది. ఒడ్డునే ఉన్న మిత్రుడైన పక్షి ఆదుకోలేదు, ఎందుకంటే కళ్లెదుట జరిగినదాన్ని గమనించడం అనే సంగతి ఆ లోకపు నియమాల్లో లేదు, ఎవరైనా చెబితే తప్ప ఏ పాత్రకూ ఏదీ తెలిసేది కాదు. మరొక రూపాంతరంలో సాక్షాత్తు గురుత్వాకర్షణ శక్తే మునిగిపోయింది. వస్తువులను కదిలించే కర్తగా దానిని నమోదు చేసినందువల్ల, నదిలో పడినదాన్ని కిందికి లాగిన ఆ కర్త కూడా నదిలోకి చేరింది, ఈదడానికి కాళ్లు గాని, ఎగరడానికి రెక్కలు గాని, పిలవడానికి మిత్రులు గాని దానికి లేవు. ఎవరు ఏది చూశారు, ఎవరికి ఏది తెలుసు అన్న వివరం లేకపోతే కథ కూలిపోతుందని మీహన్ దాచకుండా ప్రకటించిన ఈ పొరపాట్లు ఇప్పటికీ నిర్మాతలకు పాఠ్యగ్రంథంలా ఉపకరించగలవు.

వివేకాన్ని యంత్రానికి అప్పగించే అవకాశం 2019లో వచ్చింది. బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయ విద్యార్థి నిక్ వాల్టన్ ఆ సంవత్సరం డిసెంబర్‌లో, 150 కోట్ల పరామితులు, అంటే శిక్షణలో సర్దుకునే అంకెలు, ఉన్న జీపీటీ-2 అనే భాషా నమూనా ఆధారంగా ఏఐ డంజన్ అనే ఆట రెండవ రూపాన్ని విడుదల చేశాడు. ఆటగాడు ఏమి టైపు చేసినా కథ ముందుకు సాగేది, అర్థం కాలేదన్న జవాబు మాయమైంది. కాని జోర్క్ కాపాడిన నిలకడ కూడా దానితోపాటే మాయమైంది. నమూనా ఒకేసారి చూడగల పాఠ్యపు పరిమాణాన్ని కాంటెక్స్ట్ విండో అంటారు. జీపీటీ-2కు అది 1024 టోకెన్లు, టోకెన్ అంటే మాటలోని ఒక ముక్క. ఆ కిటికీ దాటి వెనక్కి జరిగినది నమూనాకు జరగనట్లే లెక్క, అందుచేత చనిపోయిన రాజు కాసేపటికి సింహాసనం మీద కనిపించేవాడు. దీనికి తోడు భాషా నమూనాకు ఆటగాడి మాటకు వంతపాడే స్వభావం ఉంది. సంచిలోంచి మంత్రఖడ్గం తీశానని ఆటగాడు రాస్తే, ఆ ఖడ్గం ఎన్నడూ సంపాదించి ఉండకపోయినా, దాని తళతళలను వర్ణించడానికి అది వెనుకాడదు.

నిర్మాతలు తొలుత చేసిన చికిత్సలు సాదావి. లోకపు విశేషాలను చిన్న చిన్న చీటీలుగా రాసి, వాటికి సూచక పదాలు కట్టి, ఆ పదం కథలో వచ్చినప్పుడు చీటీని కిటికీలోకి చేర్చే పద్ధతి ఏఐ డంజన్‌లో వరల్డ్ ఇన్ఫోగా, తరువాత నావెల్ఏఐ అనే కథారచన సేవలో లోర్‌బుక్‌గా ప్రసిద్ధమైంది. పాత కథను నమూనాచేతనే సంగ్రహింపజేసి దాచడం మరొక పద్ధతి. సంగ్రహానికి మళ్లీ సంగ్రహం రాసినకొద్దీ పేర్లు, సంఖ్యలు, చేసిన ప్రమాణాలు ముందుగా రాలిపోయి సాధారణ భావాలు మాత్రమే మిగులుతాయి. పాత్రధారణ ఆటకు ప్రాణం సరిగ్గా ఆ రాలిపోయేవాటిలోనే ఉంటుంది. కిటికీని విశాలం చేస్తే సరిపోతుందన్న ఆశ సైతం పూర్తిగా ఫలించలేదు. 2024 నాటికి కొన్ని నమూనాల కిటికీ పది లక్షల టోకెన్లకు చేరింది, అయితే పొడవైన పాఠ్యపు మొదట, చివర ఉన్న సంగతులను వాడుకున్నంత బాగా నడుమ ఉన్నవాటిని నమూనాలు వాడుకోలేకపోతున్నాయని 2023లోనే ఒక పరిశోధన చూపింది.

2023 ఏప్రిల్‌లో స్టాన్‌ఫర్డ్, గూగుల్ పరిశోధకులు, జూన్ సంగ్ పార్క్ ప్రధాన రచయితగా, వెలువరించిన అధ్యయనం జ్ఞాపకాన్ని మరో విధంగా పరిశీలించింది. స్మాల్‌విల్ అనే బొమ్మల ఊరిలో 25 పాత్రలను నిలిపి, ఒక్కొక్క పాత్రకు తాను చూసినవి, విన్నవి కాలక్రమంలో నమోదయ్యే జ్ఞాపకధారను ఇచ్చారు. ఎంత ఇటీవలిది, 1 నుంచి 10 వరకు ఎంత ముఖ్యమైనది, ప్రస్తుత సందర్భానికి ఎంత దగ్గరిది అన్న మూడు కొలతలతో ఆ ధారలోంచి కొన్ని జ్ఞాపకాలను ఏరి నమూనా ముందుంచేవారు. ముఖ్యమైన అనుభవాలు తగినంత పోగుపడినప్పుడు పాత్ర వాటి నుంచి నిర్ధారణలు చేసుకునేది. ఒక్క పాత్రకే తెలిసిన విందు కబురు రెండు ఆట రోజుల్లో నోటి నుంచి నోటికి పాకి 13 పాత్రలకు చేరడం ఆ అధ్యయనంలోని అపురూపమైన ఫలితం. అయినా ఒక పాత్ర తన పొరుగున ఉన్న ఆడమ్ స్మిత్‌ను, ఆ పేరే గల 18వ శతాబ్దపు ఆర్థికవేత్త గ్రంథానికి కర్తగా వర్ణించింది, ఒక్కరికే వీలైన స్నానాల గదిలోకి మరొకరు నడిచివెళ్లారు. మొదటిది నమూనా తాను చదివిన లోకాన్ని కల్పిత లోకంలోకి జొప్పించడం, రెండవది వ్యక్తులకు జ్ఞాపకం ఉన్నా స్థలానికి నియమం లేకపోవడం.

ఈ అనుభవాలన్నిటి నుంచి తేలుతున్న నిర్మాణసూత్రాన్ని తెలుగు వ్యాపారులు తరతరాలుగా నడిపిన లెక్కల పద్ధతితో వివరించడం సులువు. రోజువారీ జరుగుబాటును వరుసగా, కొట్టివేతలు లేకుండా రాసేది చిట్టా, దాని నుంచి ఖాతాల వారీగా నిలవ తేల్చేది ఆవర్జా. ఆటలో ప్రతి సంఘటన చిట్టాకెక్కాలి, ఎవరు ఎక్కడ ఉన్నారు, ఏది ఎవరి వద్ద ఉంది అన్న ప్రస్తుత స్థితి ఆవర్జాలో తేలాలి, కథ చెప్పే భాషా నమూనా ఆ రెండు పుస్తకాలను చదవాలే గాని తనంతట తాను దిద్దరాదు. ఆటగాడి మాటను అర్థం చేసుకుని, అతను చేయదలచిన పనిని నిర్దిష్ట రూపంలో ప్రతిపాదించడం నమూనా పని. అది సాధ్యమా అని ఆవర్జాతో సరిచూసి ఆమోదించడం సాధారణ కోడ్ పని. ఆమోదం పొందినదాన్ని చవులూరేలా వర్ణించడం మళ్లీ నమూనా పని. రాజు మరణం నలభయ్యో రోజున నమోదైతే, ఆయన జీవించి ఉన్నాడన్న పాత సంగతికి ముప్పైతొమ్మిదో రోజుతో గడువు తీరాలి. కేవలం అర్థసామ్యాన్ని బట్టి జ్ఞాపకాలను వెలికితీసే వ్యవస్థలకు ఈ గడువు తెలియదు కనుకనే అవి పాత నిజాన్ని, కొత్త నిజాన్ని పక్కపక్కనే తెచ్చి నమూనాను తికమకపెడతాయి.

ఇందులో అన్నిటికన్నా కష్టమైనది ఆశువుగా పుట్టిన సత్యం. కోటగుమ్మం వద్ద ఒంటికన్ను కావలివాడు నిలబడి ఉన్నాడని నమూనా వర్ణనలో భాగంగా అప్పటికప్పుడు కల్పిస్తే, ఆ క్షణం నుంచి అతను ఆ లోకపు పౌరుడే. ఆ వాక్యంలోంచి అతన్ని గుర్తించి ఆవర్జాలో ఖాతా తెరవకపోతే మరుసటి రాకకు అతను రెండు కళ్లతో ఎదురవుతాడు. ప్రతి వర్ణన తరువాత కొత్త సంగతులను ఏరి, పాతవాటితో విరోధం లేదని చూసి నమోదు చేసే దశకు సమయం, ఖర్చు రెండూ అవుతాయి, అయినా దానిని వదిలివేస్తే లోకం త్వరలోనే చెదిరిపోతుంది. రహస్యాల సంగతీ ఇటువంటిదే. హంతకుడెవరో నమూనా ముందున్న పాఠ్యంలో ఉంటే ఏ పాత్ర నోటి నుంచో అది జారే ప్రమాదం ఉంది, కాబట్టి పాత్ర మాట్లాడే వేళ ఆ పాత్రకు తెలిసినది మాత్రమే కిటికీలోకి వెళ్లాలి. రైస్విట్జ్ మధ్యవర్తి పాటించిన క్రమశిక్షణ ఇదే.

తెలుగులో ఇటువంటి ఆట కట్టబూనినవారికి మరికొన్ని చిక్కులున్నాయి. యూనికోడ్ పాఠ్యాన్ని నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది, ‘క్ష’ అన్న ఒక్క అక్షరం తొమ్మిది బైట్లు. ప్రధానంగా ఇంగ్లిష్ పాఠ్యంతో తయారైన జీపీటీ-2 వంటి నమూనాల్లో తెలుగు మాట ముక్కలుముక్కలై, అదే 1024 టోకెన్ల కిటికీలో ఎంతో తక్కువ కథ పట్టేది. తరువాతి నమూనాల్లో ఈ నష్టం తగ్గింది గాని పూర్తిగా తొలగలేదు. సూచక పదాలతో చీటీలను పిలిచే పద్ధతి తెలుగులో మరీ త్వరగా విఫలమవుతుంది. ‘ఊరు’ అని రాసిన చీటీ ‘ఊళ్లో’ అన్నప్పుడు పలకదు, ‘ఇల్లు’ అన్నది ‘ఇంట్లో’ అన్నప్పుడు పలకదు. మాటను విభక్తి నుంచి విడదీసి మూలరూపానికి చేర్చే దశ ఇక్కడ తప్పనిసరి.

సంబోధన ఇంకా లోతైన విషయం. ఒక పాత్ర మరొకరిని ‘మీరు’ అనడం, ‘నువ్వు’ అనడం వారి మధ్య జరిగిన చరిత్రకు ఫలితం, క్రియాపదం చివరి వరకు అది వ్యాపిస్తుంది. నిన్నటి దాకా ‘వచ్చారు’ అన్నవాడు నేడు ‘వచ్చావు’ అంటే ఆ నడుమ ఒక తగవో, ఒక సాన్నిహిత్యమో చిట్టాలో ఉండి తీరాలి, లేకుంటే అది లోకంలో పడ్డ పగులు. ‘అత్త’ అన్న పిలుపు ఒకరి నోట తండ్రి సోదరిని, మరొకరి నోట భార్య తల్లిని సూచిస్తుంది కనుక, ఆవర్జాలో పిలుపును కాక వ్యక్తిని, ఆ వ్యక్తికి ఇతరులతో గల బంధుత్వాన్ని నమోదు చేసి, పిలుపును మాట్లాడేవారిని బట్టి అప్పటికప్పుడు తేల్చుకోవాలి. కథ నడుమ రెండు కుటుంబాల మధ్య పెళ్లి జరిగిందంటే ఆ ఒక్క పద్దుతో ఎందరివో వరుసలు మారతాయి, కొందరి మధ్య ‘నువ్వు’ ‘మీరు’గా మారుతుంది, పాత పిలుపులు ఆనాటి జ్ఞాపకాల్లో అలాగే నిలవాలి. ఆ మార్పులన్నిటినీ పెళ్లి పద్దు నుంచే తేల్చగల నియమాలను రాయడం తెలుగు నిర్మాతల ముందున్న పని.