గురుముఖ విద్యయు, యంత్ర సాధనములును



హైదరాబాదు పాతనగరమున శిబ్లీగంజ్ అను పేటయందు జామియా నిజామియా అను ఇస్లామీయ విద్యాపీఠము కలదు. దీనిని మౌలానా అన్వారుల్లా ఫారూఖీ 1876లో స్థాపించెను. ఆయన ఆరవ, యేడవ నిజాములకు విద్య గరపిన గురువు. ఖురాను, హదీసు, ధర్మశాస్త్రము, అరబ్బీ భాష ఇచ్చట బోధింపబడుచున్నవి. ఇట్టి ప్రాచీన విద్యకు నేడు కంప్యూటరు, చేతిఫోను తోడైనవి. దీనివలన కలుగునది మేలా, కీడా అను ప్రశ్న ఒక్క మతమువారిది కాదు. బిడ్డలను బడికి పంపు తల్లిదండ్రులందరిదియును.

మదరసా విద్యకు మూలము వినికిడి. ఖురానునందు 114 సూరాలు కలవు. పఠన సౌకర్యమునకై అది 30 భాగములుగా విభజింపబడినది. దానిని సాంతముగ కంఠస్థము చేసినవానిని హాఫిజ్ అందురు. బాలుడు దినదినము క్రొత్త పాఠమును గురువునకు అప్పచెప్పుచు, పాత పాఠములను మరల వల్లింపవలెను. ఏ అక్షరము కంఠమునుండి, ఏది నాలుక కొననుండి పలుకవలెనో తెలుపు శాస్త్రమునకు తజ్వీదు అని పేరు. వేదపాఠశాలయందు స్వరము తప్పినచో గురువు ఆపి దిద్దునట్లే ఇచ్చటను దిద్దును.

ఈ పనిలో యంత్రము చేయు సాయము స్వల్పము కాదు. ఉత్తమ పఠనమును నూరుమార్లయినను విసుగులేక వినిపించును. ఒక పదము ఎన్ని తావుల వచ్చినదో క్షణములో చూపును. చెదలకు లోనగు వ్రాతప్రతుల ఛాయలను భద్రపరచును. 2020 మార్చిలో కరోనా వలన బడులు మూతపడినపుడు ఫోనే పాఠశాల అయ్యెను. అయితే ఇంటికొక్కటే ఫోను ఉండి, దానిని తండ్రి పనికి తీసికొనిపోవు పేద యిండ్లలో ఆ పాఠమును అందలేదు. బాలుడు ఆకలితో వచ్చెనా, అలసి తడబడుచున్నాడా అనునది ఎదుట కూర్చున్న గురువే కనిపెట్టగలడు. అదబు, అనగా వినయమర్యాద, ఆ సాన్నిధ్యముననే అలవడును.

హదీసు విద్యయందు మరియొక నియమము కలదు. ప్రవక్త పలుకుగా చెప్పబడిన ప్రతి మాటకును, ఎవరు ఎవరివలన వినిరో ఆ పేర్ల వరుస తోడుగా నుండవలెను. దీనికి ఇస్నాదు అని పేరు. ఆ వరుసలోని ఒక్కొక్కరి సత్యసంధతను, జ్ఞాపకశక్తిని పండితులు పరీక్షించిరి. మాట యెంత ఇంపుగా నున్నను, చెప్పినవాడు నమ్మదగనివాడైనచో దానిని బలమైన సాక్ష్యముగా గ్రహింపరైరి.

చేతిఫోను కాలమునకు ఈ నియమము మిక్కిలి అవసరము. 2018 మే నెలలో, పిల్లల నెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను పుకారు ఫోనులద్వారా వ్యాపించెను. ఆ దినములలో పాతనగరమునందలి చాంద్రాయణగుట్టలో మూక దెబ్బలకు ఒక నిండు ప్రాణము బలియయ్యెను. ఆ వార్త ఎవరు చెప్పిరి, ఎవరు చూచిరి అని అడిగినవారు ఆ మూకలో కరవైరి. మదరసాలో హదీసు చదువు విద్యార్థి ఆ ప్రశ్నను ఫోనులోని వార్తకును వేయగలిగిననాడు, పాత విద్య క్రొత్త సాధనమునకు కళ్లెము కాగలదు.

గ్రంథాలయమునకును ఇదియే పద్ధతి. పుస్తకము తెరచువాడు గ్రంథకర్త పేరు, ప్రచురణ సంవత్సరము ముందుగా చూచును. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామస్థులు ఇచ్చట అలవరచుకొనిన ఆ అలవాటును ఫోను పట్టిన బిడ్డలకును నేర్పుదురుగాక!